ఊరి చివర వంతెన

దినం 611

పొద్దున నాలుగు ఫిల్టర్లు కడిగాను. గని నుంచి వచ్చే మంచులో విషపు ఉప్పు ఎక్కువవుతోంది. వారానికోసారి కడిగేవాటిని ఇప్పుడు రోజు విడిచి రోజు కడగాల్సి వస్తోంది. మీటరు సరేనన్నాక కూడా మొదటి గ్లాసు నీళ్ళు కడిగినవాళ్ళే తాగాలన్నది ఇక్కడి నియమం. తాగి, పావుగంట కూర్చుని, నాలుక మొద్దుబారలేదని రాసి సంతకం పెట్టాను.

మధ్యాహ్నం చేతిలో పని లేదు. ఇరవయ్యొకటో నెగడు అనువాదం పూర్తయి పదిరోజులైంది. భూమీ అంగారకుడూ దగ్గరకొచ్చే ఇరవయ్యారు నెలలకోసారి మా శిబిరానికి ఒక్క పెద్ద డేటా దిగుమతికి చోటిస్తారు. శిబిరం పెట్టినప్పటి నుంచి అందరూ చేతులెత్తి కోరుకునేది ఒకటే, నెగడు కొత్త భాగం. జపాన్‌వాళ్ళ ఆట. నలుగురు బాటసారులు ఊరూరా తిరుగుతారు, యుద్ధాలు చేస్తారు, ఏ మజిలీలో ఆగినా చలిమంట చుట్టూ చేరి మాట్లాడుకుంటారు. ఆ మాటల కోసమే జనం ఆడతారు. పదకొండో భాగం నుంచి దాన్ని తెలుగు చేస్తున్నది నేనే. ఇరవై దాకా విజయనగరంలో కూర్చుని చేశాను. ఇరవయ్యొకటి ఇక్కడ, ఫిల్టర్ల గది పక్కన.

హాల్లో పెద్ద తెర మీద ఒకరు ఆడుతుంటే మిగతావాళ్ళు చూస్తారు. శిబిరంలో నలభైమంది ఉన్నాం. మొదటిరోజు ముప్ఫై ఎనిమిది మంది వచ్చారు. ఈ రోజు తొమ్మిదిమంది. అందులో ఇద్దరు తొడుగులు కుట్టుకుంటూ తలెత్తలేదు.

దినం 619

ఎర్రినాయుడు ఫిల్టర్ల గదికి వచ్చాడు. మా తవ్వకం మేస్త్రీ, అందరికీ ఎర్రన్న. ఇక్కడికి రాకముందు ఇరవయ్యేళ్ళు బోరు లారీల మీద పనిచేశాడు. మోటారు కోసమో కేసింగు కోసమో పొలాల్లో పడిగాపులు పడ్డ రోజుల్లో ఫోను మీద పాత నెగళ్ళు ఆడుకున్నాడు. ఆరో భాగంలోని సంభాషణలు అతనికి నోటికొచ్చు. నేను అతనికంటే ఆరేళ్ళు పెద్ద, అందుకని మా వైపు అలవాటుగా అప్పా, అంటే అక్కా, అని పిలుస్తాడు.

కాసేపు నీళ్ళ గురించీ, తన మోకాలి గురించీ మాట్లాడి, చివరికి అసలు విషయానికి వచ్చాడు.

"అప్పా, నువ్వేటి అనుకోకు. ఇదివరకు నలుగురు కూకుంటే నాలుగు రకాల మాటలొచ్చీవి. ఇప్పుడు నలుగురికీ ఒకటే నోరు."

అనువాదంలో లోపం ఉందేమో చూస్తానన్నాను. లోపం నాది కాదనీ, పదిహేనో భాగం నుంచి ఆటే చచ్చిపోయిందనీ, ఇక తెప్పించడం మానేద్దామని శిబిరాధికారి త్రివేణి గారితో తను చెప్పబోతున్నాననీ అన్నాడు. అతను వెళ్ళాక కడిగిన ఫిల్టరునే మళ్ళీ కడిగాను.

దినం 623

మౌక్తిక ఈ సంగతి విని మండిపడింది. ఆ అమ్మాయి ఎర్రన్న జట్టులోనే పనిచేస్తుంది. అతను డ్రిల్లు నడుపుతాడు, తను పక్కన నిలబడి పీడనం మీటరు చూసి చెబుతుంది. ఆరునెలలుగా ఇద్దరూ రోజుకు ఏడు గంటలు ఒకే బొరియ దగ్గర నిలబడుతున్నారు. బాబాయ్ అనే పిలుస్తుంది.

"బాబాయి బాధ ఆట గురించి కాదు పిన్నీ. తన పాతికేళ్ళప్పుడు ఆడిందే ఆటంటాడు. మరి నాకు పాతికేళ్ళు ఇప్పుడొచ్చాయి."

ఆమెకిష్టమైనది పదిహేడో భాగం. ఎందుకని అడిగితే చెప్పింది. ఇక్కడికి వచ్చే ఓడలో ఉండగా ఆమె తల్లి చనిపోయింది. వెనక్కి తిరిగే దారి లేదు. అదే వారం ఆమె పదిహేడో భాగం ఆడుతోంది. అందులో నలుగురిలో చిన్నదైన సయో, తన సొంత ఊరు మినోసెలో వంతెన మీద నిలబడి అన్న కోసం చూస్తుంది. అన్న వస్తాడు గానీ వంతెన దాటడు, దాటకూడదు. ఇటునుంచి ఈమె, అటునుంచి అతను, వాగు హోరులో అరుచుకుంటూ మాట్లాడుకుంటారు. ఆ ఘట్టాన్ని పదకొండుసార్లు ఆడానని చెప్పింది. పన్నెండోసారి మాత్రం తెర వైపు తిరిగి, తల్లికి చెప్పాల్సినవన్నీ తనే చెప్పుకుందట.

ఆ ఘట్టంలో తెలుగు నాదే. ఈ మాట విని నాకు సంతోషం కలగాలి. కానీ మినోసెలో వంతెన అనగానే లోపల ఏదో గుచ్చుకుంది. ఎందుకో అప్పుడు తట్టలేదు.

దినం 626

హాల్లో గొడవ. పదిహేనుకి ముందువాళ్ళు, తర్వాతివాళ్ళు అని రెండు గుంపులయ్యారు. భోజనాల బల్లలు కూడా విడిపోయాయి. ఎర్రన్న అందరి ముందూ ఆరో భాగంలోంచి ఒక సంభాషణా, ఇరవయ్యొకటిలోంచి ఒకటీ అప్పజెప్పి, ఏది బాగుందో చెప్పమన్నాడు. జనం నవ్వారు. నవ్వింది నేను రాసిన వాక్యాలు విని. మౌక్తిక లేచి, సగం తిన్న పళ్ళెం అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. నీళ్ళ దగ్గరైనా, తిండి దగ్గరైనా ఇక్కడ ఎవరూ ఏదీ వదిలెయ్యరు.

త్రివేణి గారు నన్ను పిలిపించారు. ఆవిడ మాటలు ఎప్పుడూ కొలతలో ఉంటాయి. వచ్చే దిగుమతికి పేరు పంపడానికి ఇరవై నాలుగు రోజులుందనీ, ఈలోగా ఒక నివేదిక కావాలనీ అన్నారు. ఆట నిజంగా దిగజారిందా, లేక మనమే విసిగిపోయామా అన్నది తేల్చాలి. ఇందులో నా ఉద్యోగమూ ముడిపడి ఉందని గుర్తుచేశాను. ఆట మానేస్తే అనువాదానికిచ్చిన పూట పోతుంది, పూర్తిగా గని పనికో వంటగదికో వెళ్ళాలి. తనకు తెలుసన్నారు. అయినా జపనీస్ చదవగలిగింది నేనొక్కదాన్నేనన్నారు.

దినం 631

ఐదురోజులుగా పదకొండు నుంచి ఇరవయ్యొకటి దాకా జపనీస్ మూలాలు పక్కపక్కన పెట్టుకుని చదువుతున్నాను. కళ్ళు మండుతున్నాయి. నిద్ర సరిగా పట్టడం లేదు. పట్టినా మాటలే కలలోకి వస్తున్నాయి.

మొన్న పందొమ్మిదో భాగంలో ఒక జపనీస్ వాక్యం దగ్గర ఆగిపోయాను. ఉప్పునీళ్ళు తాగి బతికినవాడికే వాన రుచి తెలుస్తుంది అని దాని అర్థం. ఇది జపనీస్ వాళ్ళ నుడి కాదు. నాకెందుకో బాగా తెలిసినట్టుంది. వెతికాను. పదమూడో భాగంలో, వాన లేక చాలా రోజులైంది అని మాత్రమే మూలంలో ఉన్నచోట, తెలుగులో చప్పగా ఉందని నేను కల్పించి రాసిన వాక్యం అది. చిన్నప్పుడు భీమిలి దగ్గర బావులన్నీ ఉప్పుబడితే మా మేనత్త అనే మాటకు దగ్గర్లో ఉంటుంది.

మొదట గర్వంగా అనిపించిందని దాచకుండా రాస్తున్నాను. ఓసాకాలో ఆట తయారుచేసేవాళ్ళెవరో నా తెలుగు చూసి మెచ్చుకున్నారనుకున్నాను.

ఇవాళ్టికి అలాంటివి ముప్ఫై నాలుగు దొరికాయి. నావి ముప్ఫై నాలుగు. తమిళం నుంచి వచ్చినవి, పోర్చుగీసు నుంచి వచ్చినవి ఎన్నో నాకు తెలియదు. నా ఒప్పందం బయటికి తీసి చదివాను. పదిహేనో భాగానికి ముందు పంపిన కొత్త ఒప్పందంలో ఆరో పేజీలో ఉంది. అన్ని భాషల అనువాదాలనూ తదుపరి భాగాలను కూర్చే యంత్రానికి వాడుకోవచ్చని. కింద నా సంతకం ఉంది. అప్పుడు చదవలేదు.

ఎర్రన్న చెప్పిన ఒకటే నోరు అదే. నలభై భాషల్లో మేము రాసిన మాటలన్నీ ఒక కుండలో వేసి ఉడికించి, మళ్ళీ మాకే వడ్డిస్తున్నారు. నేను దాన్ని మళ్ళీ తెలుగు చేస్తున్నాను.

దినం 632

మినోసె వంతెన ఎందుకు గుచ్చుకుందో ఇవాళ తెలిసింది. తెలిసిందనడం అబద్ధం. గుర్తుకొచ్చింది.

పన్నెండో భాగంలో సయో తన అన్నకు పంపే ఒక కబురుంది. ఊరి హషి దగ్గర నీకోసం ఉంటాను అని. ఆ ఏడు నాకు వచ్చిన ప్రతి, గొంతులు పలికేవాళ్ళ కోసం, పలుకు మాత్రమే చూపే ఉత్త అక్షరాల్లో రాసింది. చిత్రలిపి ఉంటే ఏ హషియో తెలిసేది. హషి అంటే వంతెన అనీ ఉంది, చివర అనీ ఉంది. వెనకా ముందూ చూడకుండా వంతెన అని రాశాను. ఊరి చివర అని రాయాలి. మినోసెలో ఎప్పుడూ వంతెన లేదు. వాగులో రాళ్ళ మీద అడుగులేసి దాటతారు, మొదటి భాగం నుంచీ అంతే.

ఆట విడుదలైన నెలకే పాలకొండ నుంచి ఒక మాస్టారు ఉత్తరం రాశారు. జపనీస్ నేర్చుకున్న మనిషి. ఎంతో మర్యాదగా, పొరపాటు పడ్డారేమో చూడండమ్మా అన్నారు. చూశాను. పడ్డాను. దిద్దుబాటు పంపితే నాలుగువారాల జీతం కోస్తారని కాదు, ఎవరికి తెలుస్తుందిలే అని ఊరుకున్నాను. ఆయనకు జవాబు కూడా రాయలేదు.

పదిహేడులో మినోసెలో వంతెన వెలిసింది. ముప్ఫై తొమ్మిది భాషల్లో ఊరి చివర అనే ఉండి ఉంటుంది. చివర అన్నది ఖాళీ, దాంతో యంత్రం ఏం కడుతుంది? నా ఒక్కదాని ప్రతిలోనే ఒక వస్తువు దొరికింది. దాన్ని పట్టుకుంది.

సాయంత్రం ఆట తయారుచేసే సంస్థకు యంత్రం సంగతి అడుగుతూ ఉత్తరం పంపాను. ఇంకొకటి కూడా పంపాను. మొదటి పద్నాలుగు భాగాలూ రాసిన ఓగురి చియె గారికి ఎనభై దాటాయి, ఇప్పుడు ఏదో చిన్న రేవు ఊళ్ళో ఉంటున్నారు. ఆవిడ చిరునామా తమిళ అనువాదకురాలి దగ్గర దొరికింది. ఆవిడకు వంతెన సంగతంతా రాశాను. క్షమించమని అడగడానికి జపనీస్‌లో చాలా మాటలున్నాయి. ఏది వాడాలో తేలక అన్నిటికంటే చిన్నది వాడాను.

దినం 634

మౌక్తిక చేతికి దెబ్బ తగిలింది. ఎడమచేతి రెండు వేళ్ళు విరిగాయి.

జరిగింది ఇది. ఎనిమిది రోజులుగా ఆ ఇద్దరూ మాట్లాడుకోవడం లేదు. ప్రతి రాడ్డుకీ మీటరు అంకె గొంతెత్తి చెప్పాలి. చెప్పడానికి బదులు పచ్చదీపం నొక్కినా నియమం ఒప్పుకుంటుంది. మౌక్తిక దీపమే నొక్కుతోంది. ఎర్రన్న దీపమే చూస్తున్నాడు. ఇవాళ ఆమె దీపం నొక్కాక, రాడ్డును పట్టి ఉంచే బిగింపు పళ్ళ మధ్య మంచు పెచ్చు ఇరుక్కున్నట్టు కనిపించి, తీయడానికి చెయ్యి పెట్టింది. ఒక్కమాట అని ఉంటే అతను ఆగేవాడు. ఆమె అనలేదు. అతను పచ్చదీపం చూసి బిగించాడు.

తొడుగు చిరగలేదు, అది అదృష్టం. చిరిగి ఉంటే వేళ్ళతో పోయేది కాదు.

విచారణలో ఎర్రన్న ఒక్కటే చెప్పాడు. "దీపం పచ్చగానే ఉంది. గొంతు వినపడలేదు. వినపడనప్పుడు నానడగాల. అడగలేదు." ఇంకేమీ అడగవద్దన్నట్టు తల దించుకున్నాడు.

త్రివేణి గారు హాల్లో తెరకు తాళం వేయించారు. నివేదిక అందేదాకా ఎవరూ ఏ భాగమూ ఆడకూడదు. ఆట కోసం మనిషి పోయే పరిస్థితి వస్తే ఆటనే తీసేస్తానన్నారు. అందరూ తలా ఓ మూల తిరుగుతున్నారు, కూర్చోవడానికి ఎవరికీ మనసు రావడం లేదు. నాకూ అంతే. వసారా పొడవునా ఎన్నిసార్లు నడిచానో తెలియదు.

దినం 640

సంస్థ జవాబిచ్చింది. మా ప్రపంచం అన్ని భాషల ప్రేమతో ఎదుగుతోంది, మీ ఆసక్తికి కృతజ్ఞతలు అని. ఆ వాక్యాన్ని కూడా ఆ యంత్రమే కూర్చిందేమోనని అనుమానం వచ్చింది.

ఓగురి గారి నుంచి ఏమీ లేదు.

వైద్యశాలలో మౌక్తికను చూసి వచ్చాను. పట్టీల మధ్య వేళ్ళు లావుగా ఉన్నాయి. నివేదికలో పదిహేడు గురించి మంచిగా రాస్తున్నావా అని అడిగింది. వంతెన సంగతి అప్పుడే చెప్పి ఉండాల్సింది. మంచం మీద ఉన్న పిల్లకు ఇప్పుడెందుకు అనుకుని, ఇంకా రాస్తున్నానన్నాను. నాకు ఈ సాకులు అలవాటే.

దినం 647

ఓగురి గారి ఉత్తరం వచ్చింది. రాసింది కాదు, మాట్లాడింది. గొంతు వణుకుతోంది, వెనకాల ఎక్కడో పడవ ఇంజను. నాలుగుసార్లు విన్నాను. కావలసిన భాగం తెలుగులో రాసుకుంటున్నాను.

"నన్ను యంత్రం తోసేసిందని అందరూ అనుకుంటారు. నేనూ కొన్నాళ్ళు అలాగే చెప్పుకున్నాను, వినడానికి బాగుంటుంది. నిజం ఏమిటంటే, పన్నెండో భాగం అయ్యేసరికి ఆ నలుగురికీ చెప్పుకోవడానికి ఏమీ మిగల్లేదు. నాకు తెలిసింది. అయినా ఇంకో రెండు రాశాను. పదమూడులో, పద్నాలుగులో వాళ్ళను మంట దగ్గర మౌనంగా కూర్చోబెట్టాను. ఆడేవాళ్ళు దాన్ని లోతు అన్నారు. అది అలసట. దిగజారడం మొదలైంది నా చేతిలోనే.

"తర్వాతివి నేను ఆడకూడదనుకున్నాను. మనవరాలు పదిహేడు ఆడుతుంటే పక్కన కూర్చున్నాను. ఎన్నో చోట్ల సిగ్గేసింది. మినోసె వచ్చింది. వంతెన కనిపించింది. ఇది ఎవరు కట్టారు అనుకున్నాను. సయోను ఊరి చివర నిలబెట్టి వదిలేసినదాన్ని నేను, అన్నను ఎలా తీసుకురావాలో నాకు తోచలేదు. ఆ రోజు నాకు అసూయ కలిగింది. మీ ఉత్తరం చూశాక ఎవరి మీదో తెలిసింది.

"మీరు చేసింది తప్పే. తప్పు కాదని నేను అనను. మీ మాస్టారి ఉత్తరానికి జవాబు రాయకపోవడం ఇంకా పెద్ద తప్పు."

తర్వాత లేచి పాలకొండ మాస్టారి కోసం పాత ఉత్తరాలు వెతికాను. పేరు గుంటముక్కల సత్యారావు గారు. ఇప్పుడున్నారో లేదో. జవాబు రాసి, భూమికి వెళ్ళే ఉత్తరాల వరసలో పెట్టాను.

దినం 650

సభ. గనిలో కాపలా ఉన్న ఇద్దరు తప్ప అందరూ వచ్చారు. మౌక్తిక చేతిని మెడకు వేలాడదీసుకుని మొదటి వరసలో కూర్చుంది. ఎర్రన్న తలుపు దగ్గర నిలబడ్డాడు.

నివేదిక చదివాను. ఆట దిగజారిందని ఒప్పుకున్నాను, కానీ అందరూ అంటున్నట్టు పదిహేను నుంచి కాదు, పదమూడు నుంచి అని చెప్పాను. ఓగురి గారి మాటలు వినిపించాను. ఎర్రన్న వైపు చూడలేకపోయాను, ఎందుకంటే పద్నాలుగులోని ఆ మౌనం ఘట్టాన్ని అతను తన పెళ్ళిరోజు గుర్తున్నట్టు గుర్తుంచుకుంటాడు. తర్వాత యంత్రం సంగతి, నా ముప్ఫై నాలుగు వాక్యాల సంగతి చెప్పాను. ఆఖరున వంతెన గురించి చెప్పాను. మాస్టారి ఉత్తరం గురించి కూడా.

మౌక్తిక కూర్చున్నచోటు నుంచే అడిగింది.

"అంటే ఆ వంతెన తప్పేనా పిన్నీ?"

"తప్పే," అన్నాను. "నాది."

"మొన్న నేనడిగినప్పుడు నీకు తెలుసు."

తెలుసన్నాను. నా మొహం వైపు చూడ్డం మానేసింది.

ఎవరైనా నవ్వుతారేమో, ముఖ్యంగా ఎర్రన్న జట్టులోవాళ్ళు, అనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. ఎర్రన్న మాత్రం గొంతు సవరించుకుని, పద్నాలుగులో ఆవిడ అలిసిపోయి రాసిందన్నది నిజమేనా, నేను సరిగానే అర్థం చేసుకున్నానా అని అడిగాడు. సరిగానే అన్నాను. బయటికి వెళ్ళిపోయాడు.

ఓట్లు వేశారు. కొత్త భాగం వద్దన్నవాళ్ళు ఇరవై నాలుగు, కావాలన్నవాళ్ళు పదహారు. గనిలో ఉన్న ఇద్దరి ఓట్లు ఫోనులో తీసుకున్నారు. నేను వద్దనే వేశాను. మౌక్తిక ఎటు వేసిందో తెలియదు. దిగుమతి చోటు ఇళ్ళ నుంచి వచ్చే వీడియోలకు ఇవ్వాలని తేలింది. పాత భాగాల తెర తాళం తీసేశారు. నా పూటపని రేపటితో ఆఖరు.

ఇరవై రెండేళ్ళ పని. ఏడుపొస్తుందనుకున్నాను. కాళ్ళు ఒకచోట నిలవకపోవడమే తప్ప ఇంకేమీ లేదు.

దినం 653

మధ్యాహ్నం వైద్యశాలకు మందునీళ్ళ డబ్బా ఇవ్వడానికి వెళ్ళి గుమ్మంలోనే ఆగిపోయాను.

ఎర్రన్న మంచం పక్క స్టూలు మీద కూర్చుని ఆడుతున్నాడు. చిన్న తెర మీద పదిహేడో భాగం. మౌక్తిక రెండు చేతులూ కావాల్సిన ఆట ఆడలేని స్థితిలో ఉంది కాబట్టి మీటలు అతని చేతిలో ఉన్నాయి, ఎటు వెళ్ళాలో ఆమె చెబుతోంది. అతని వేళ్ళు ఆ మీటలకు మరీ లావు. వంతెనకు ముందు వచ్చే యుద్ధంలో మూడుసార్లు ఓడిపోయాడు. నాలుగోసారి ఆమెకు విసుగొచ్చి, బాబాయ్, ఎడంపక్కకి, ఎడంపక్కకి అంటూ మంచం మీద లేచి కూర్చుంది. ఎనిమిది రోజుల పాటు ఒక్కమాట లేని ఇద్దరూ ఇంత గట్టిగా మాట్లాడుకోవడం వసారా చివరిదాకా వినపడుతోంది.

వంతెన వచ్చింది. ఇద్దరూ ఊరుకున్నారు. సయో అరిచింది, అన్న అరిచాడు. అయిపోయాక ఎర్రన్న మీటలు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"మిగతాదంతా సెత్తే," అన్నాడు. "ఇది మాత్రం కాదు. మీ అమ్మకేటి సెప్పావే అప్పుడు?"

ఆమె చెప్పింది. చాలా నెమ్మదిగా చెప్పింది, నాకు వినపడలేదు. వినడం నా పని కాదని డబ్బా గుమ్మం దగ్గర పెట్టి వచ్చేశాను.

దినం 655

మౌక్తిక ఫిల్టర్ల గదికి వచ్చింది. క్షమించానని చెప్పడానికి రాలేదు, ఆ మాట ముందే అంది. ఆ వాక్యం మూలంలో ఎలా ఉంటుందో వినాలని వచ్చానంది. జపనీస్‌లో చెప్పాను. మూడుసార్లు చెప్పించుకుంది. అర్థం అడిగింది. ఊరి చివర నీకోసం ఉంటాను.

అది కూడా బాగానే ఉంది అంది. తర్వాత, వేళ్ళు అతుక్కునేదాకా మీటరు దగ్గర తన చోటు ఖాళీగా ఉంటుందనీ, బాబాయి ఎవరినీ ఒప్పుకోవడం లేదనీ, నన్నడిగి చూడమన్నాడనీ చెప్పింది. నాకు ఆ పని రాదన్నాను.

"అంకె చూసి గట్టిగా చెప్పడమే పిన్నీ. నువ్వు చెయ్యగలవు." గుమ్మం దాటబోతూ వెనక్కి తిరిగి, "గట్టిగా," అని మళ్ళీ అంది.

దినం 661

గనిలో మొదటిరోజు. తొడుగులో శ్వాస చప్పుడు తప్ప మొదట ఏమీ వినపడదు. బొరియ అంచున ఎర్రటి మంచు పొడి ఎగురుతూ మెల్లగా, చాలా మెల్లగా కింద పడుతుంది. ఎర్రన్న ఆపకుండా మాట్లాడుతున్నాడు. పద్నాలుగు గురించి అతనికి ఇంకా కోపంగా ఉంది. ఆవిడ అలిసిపోతే అలిసిపోయి ఉండొచ్చు గానీ, తనకు మాత్రం ఆ మౌనంలో ఏదో వినపడిందనీ, అది ఆవిడకు తెలియకుండా పడిందనీ వాదిస్తున్నాడు. మధ్యమధ్య ఆగి అంకె అడుగుతున్నాడు. చెబుతున్నాను.

పదహారో రాడ్డు దగ్గర మీటరు చూసి, "నలభై," అని అరిచాను. అతను బిగింపు మీద చెయ్యి వేశాడు. నేను మళ్ళీ చూశాను. అద్దం మీద మంచు పొడి పేరుకుని ఏడు సున్నాలా కనిపించింది.

"ఆపు," అన్నాను. "తప్పు చెప్పాను. నలభై ఏడు."

డ్రిల్లు ఆగింది. నేను మంచు తుడిచి ఇంకోసారి చదివేదాకా అతను చెయ్యి అక్కడే ఉంచి చూస్తున్నాడు. నలభై ఏడే. మళ్ళీ చెప్పాను.

సరేనని, పీడనం తగ్గించి, నడిపాడు.